అడగండి చెప్తాను: బస్తీ హాల్లో పిల్లలు, రేపటి పని

పోయిన నెల పదో తరగతి తర్వాత ఏంటి అని ఒక చిన్న జవాబు రాశాను, అప్పట్నుంచి ఉత్తరాలూ వాట్సాప్ మెసేజ్‌లూ ఆగట్లేదు, అందులో సగం అమ్మలవే. అందుకే ఈసారి పేజీ మొత్తం దీనికే. కొత్తగా చదువుతున్నవాళ్లకి చెప్పాలి కదా, నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చెప్పాను, 24 ఏళ్లు. రిటైరయ్యాక సికింద్రాబాద్ వారాసిగూడలో మా గల్లీ కమ్యూనిటీ హాల్లో ప్రతి ఆదివారం 13 నుంచి 18 ఏళ్ల పిల్లలతో కూర్చుంటున్నా. ఈ రెండు చోట్లా కళ్లారా చూసిందే చెప్తున్నా.

అక్కా, మా బాబు పదో తరగతి రాసి ఖాళీగా ఉన్నడు. మా కాలనీ హాల్లో యూత్ వాళ్లు సాయంత్రం పూట పిల్లలకి ఏవో క్లాసులు పెడుతున్నరు, కెరీర్ గురించి చెప్తరంట, పనులు చూపిస్తరంట. వాడు పోతా అంటడు. మా ఆయనేమో ఆ టైంలో ఇంటర్ కోచింగ్‌కి పోతే నాలుగు లెక్కలన్నా వస్తయి కదా అంటడు. పంపాల్నా వద్దా?
— ఒక అమ్మ, మౌలాలి

పంపమ్మా. కానీ పంపేముందు మీరు ఒక్కసారి వెళ్లి వెనక కుర్చీలో కూర్చోండి. ఎవరో మైక్ పట్టుకుని గంటసేపు లక్ష్యం పెట్టుకోండి, కష్టపడండి, మీరూ కలెక్టర్ అవుతారు అని చెప్పి చప్పట్లు కొట్టించి పంపేస్తే రెండోరోజు పంపక్కర్లేదు. అదే, పని చేసే మనిషి ఎవరో వచ్చి, తన సామాను కింద పరిచి, పిల్లలు చుట్టూ మూగి ఇది ఏంటి అది ఏంటి అని అడుగుతున్నారనుకోండి, వాడు అడక్కపోయినా పంపండి.

మా హాల్లో జరిగింది చెప్తా. పోయిన ఎండాకాలం ఫ్యాను మరీ నెమ్మదిగా తిరుగుతోంది, రెగ్యులేటర్ ఐదులో పెట్టినా ఒకటిలో పెట్టినా ఒకటే. మా గల్లీ చివర మోటార్ వైండింగ్ షాపు ఆయన్ని పిలిచాను. నేనే మార్చగలను, కానీ కావాలనే ఆయన్ని పిలిచాను. ఆయన మెయిన్ ఆఫ్ చేసి, టెస్టర్ పెట్టి చూసి, పిల్లల్లో తొమ్మిదో తరగతి వాడొకణ్ణి స్టూల్ ఎక్కించి, కప్ కిందికి దించి, లోపల ఉన్న చిన్న డబ్బా చూపించాడు. దీన్ని కండెన్సర్ అంటారు, ఇది వీకైతే ఫ్యానుకి తోపు దొరకదు, అందుకే నత్తలాగా తిరుగుతది అన్నాడు. పాతది తీసి కొత్తది వాడి చేతే పెట్టించాడు. రెండు వైర్లు మెలిపెట్టి టేపు చుట్టేటప్పుడు వాడి నాలుక బయటికొచ్చేసింది, అంత జాగ్రత్తగా చుట్టాడు. స్విచ్ వేయగానే ఫ్యాను రయ్యిమని తిరిగింది. వాడు స్టూల్ దిగలేదమ్మా, అక్కడే నిలబడి పైకి చూస్తూనే ఉన్నాడు. తర్వాత నన్ను అడిగిన మొదటి ప్రశ్న, మేడం ఇందులో లెక్క ఏముంది, ఆ డబ్బా మీద 2.5 అని ఎందుకు రాశారు అని. స్కూల్లో ఫిజిక్స్ అంటే పారిపోయే పిల్లాడు.

మీ ఆయనకి ఇది చదివి వినిపించండి. లెక్కలు రావాలంటే ముందు లెక్క ఎందుకో తెలియాలి, అది కోచింగ్‌లో చెప్పరు.

ఇంకోమాట. మన పిల్లలకి తెలిసిన పనులు ఎన్ని? డాక్టరు, ఇంజినీరు, సాఫ్ట్‌వేర్, పోలీసు, టీచరు, అంతే కదా. అసలు ఒక్క ఆస్పత్రిలోనే ల్యాబ్ టెక్నీషియన్, ఎక్స్‌రే తీసేవాళ్లు, డయాలసిస్ మిషన్ చూసేవాళ్లు, ఆక్సిజన్ లైను చూసేవాళ్లు ఎంతమంది ఉంటారో ఎవరు చూపించారు వాళ్లకి? జీతం ఎంతొస్తుంది, నైట్ డ్యూటీలు ఉంటాయా, నడుం నొప్పి వస్తుందా, పదేళ్ల తర్వాత ఏమవుతారు, ఇవన్నీ ఆ పని చేసే మనిషే చెప్పాలి. అమ్మానాన్నలం మనం చెప్పలేం, మనకి మన పని ఒక్కటే తెలుసు. ఒక మంచి యూత్ ప్రోగ్రాం చేసేది ఇదే, పిల్లాడికి ఇంటి బయట నాలుగు పనుల మనుషుల్ని పరిచయం చేయడం.

పదో తరగతి తర్వాత ఇంటర్ ఒక్కటే దారి కాదని కూడా అక్కడే తెలుస్తుంది. పాలిటెక్నిక్ ఎంట్రన్స్, అదే పాలిసెట్ రాస్తే మూడేళ్ల డిప్లొమా, ఆ తర్వాత ఈసెట్ అనే ఇంకో ఎంట్రన్స్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరొచ్చు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ రెండేళ్లు, వెల్డర్ ఒక ఏడాది. బాలానగర్‌లో 1968 నుంచి సీఐటీడీ ఉంది, టూల్ డిజైన్ సంస్థ, కేంద్ర ప్రభుత్వానిది, అక్కడ పదో తరగతి మీద నాలుగేళ్ల టూల్ అండ్ డై డిప్లొమా ఉంది, దానికి వేరే ఎంట్రన్స్. చర్లపల్లిలో సీపెట్ ఉంది, ప్లాస్టిక్ అచ్చుల డిప్లొమా. మీరుండే మౌలాలికి చర్లపల్లి ఎంత దూరమమ్మా? ఎంట్రన్స్ డేట్ అయిపోయాక అయ్యో తెలీలేదే అని ఏడ్చిన తల్లిదండ్రుల్ని నేను ఏటా చూశాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా, ఈ వారమే కనుక్కోండి.

మేడం, నేను ఇంటర్ సెకండియర్ ఎంపీసీ, 17 ఏళ్లు. ఆదివారాలు మా ఇంటి దగ్గర బైక్ మెకానిక్ షాపుకి పోతున్నా, ఉస్తాద్ మంచిగా నేర్పిస్తున్నడు. నాకు ఇదే ఇష్టం. నాన్నకి చెప్తే ఇంత ఫీజు కట్టి చదివిస్తుంటే గ్రీజు పూసుకుంటవా అని తిట్టిండు. ఇంటర్ బంద్ చేసి షాపులనే ఉండాలనిపిస్తుంది.
— బోరబండ నుంచి

నాన్నా, ఇంటర్ బంద్ చేయకు. నీ ఇష్టం తప్పని కాదు, నీ ఇష్టం కోసమే చెప్తున్నా.

మీ ఉస్తాద్‌ని ఒకటి అడుగు, 2020కి ముందు బండి, ఇప్పటి బండి ఒకటేనా అని. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 అనే పొగ రూల్ వచ్చాక చాలా బళ్లలో కార్బరేటర్ పోయి ఎఫ్ఐ, అంటే ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చేసింది. ఒకప్పుడు సౌండు విని కార్బరేటర్ స్క్రూ తిప్పి ట్యూనింగ్ చేసేవాళ్లు, ఇప్పుడు సెన్సర్ తప్పు చూపిస్తే స్కానర్ పెట్టి కోడ్ చదవాలి. దానిమీద ఎలక్ట్రిక్ బళ్లు, వాటిలో ఇంజినే లేదు, బ్యాటరీ, మోటార్, కంట్రోలర్. చేతి పని ఎంత బాగా వచ్చినా వోల్టు, యాంపియర్ అర్థంకాని మెకానిక్ రేపు వెనకపడతాడు. నువ్వు ఎంపీసీ చదువుతున్నావు, అదే ఫిజిక్స్, అదే కరెంటు చాప్టరు. ఈ ఏడాది పూర్తి చేయి. తర్వాత ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికిల్ రెండేళ్లు చెయ్యి, లేదా పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ డిప్లొమా చూడు. ఐటీఐ చేసినవాళ్లకి డిప్లొమా రెండో సంవత్సరంలోకి లేటరల్ ఎంట్రీ కూడా ఉంది, అంటే ఒకచోట ఆగిపోయే దారి కాదిది. మల్లేపల్లి ఐటీఐలో 2024లో అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్‌కి శంకుస్థాపన చేశారు, రాష్ట్రంలో ఐటీఐలని అలా మార్చే పని టాటా టెక్నాలజీస్‌తో కలిసి చేస్తున్నారు, ఒకసారి వెళ్లి వర్క్‌షాప్ చూసి రా.

షాపులో ఉండటం గురించి కూడా తెలుసుకో. 2016లో మార్చిన బాల కార్మిక చట్టం ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోకూడదు, 14 నుంచి 18 మధ్య వాళ్లని ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. ఆదివారం పోయి నేర్చుకోవడం వేరు, చదువు మానేసి రోజంతా ఉండటం వేరు. ఊరికే పని చేయించుకుని నేర్పిస్తున్నా కదా అనే ఉస్తాద్‌లూ ఉంటారు, మీ ఉస్తాద్ అలాంటివాడని అనట్లేదు. పద్ధతిగా నేర్చుకోవాలంటే అప్రెంటిస్‌షిప్ ఉంది, 1961 చట్టం, అందులో కాంట్రాక్ట్ రాస్తారు, స్టైపెండ్ ఇవ్వాల్సిందే, చివర్లో సర్టిఫికెట్ వస్తుంది.

ఇక నాన్న. ఆయన భయం గ్రీజు గురించి కాదు, నలభై ఏళ్లకి నీ నడుం, నీ ఆదాయం ఎలా ఉంటాయోనని. ఒక ఆదివారం ఆయన్ని షాపుకి తీసుకుపో. ఉస్తాద్‌తో చాయ్ తాగనీ. నువ్వు క్లచ్ ప్లేట్లు మార్చడం ఆయన ఒక్కసారి చూస్తే ఇంట్లో మాట మారుతుంది, నేను చాలా ఇళ్లలో చూశాను.

మా పాప ఎనిమిదో తరగతి, స్కూల్లో ఎన్‌సీసీలో చేరింది. ఎండలో పరేడ్ చేసి నల్లబడుతోందని మా అత్తమ్మ గొడవ. చదువుకి ఉపయోగం ఏమైనా ఉందా?
— దిల్‌సుఖ్‌నగర్

మాన్పించకండి. రెండేళ్లు చేస్తే ఎ సర్టిఫికెట్ పరీక్ష రాయొచ్చు, కాలేజీలో కొనసాగిస్తే బి, సి. డిగ్రీ తర్వాత సి సర్టిఫికెట్ ఉన్నవాళ్లకి ఆర్మీలో ఆఫీసర్ కావడానికి ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీ ఉంది, రాత పరీక్ష లేకుండా నేరుగా ఎస్ఎస్‌బీ, అంటే ఆర్మీ ఆఫీసర్లని ఎంపిక చేసే బోర్డు ఇంటర్వ్యూ, అమ్మాయిలకి కూడా. అదొక్కటే కాదు, పది రోజుల క్యాంపులో అమ్మ లేకుండా తన బట్టలు తను ఉతుక్కుని, ముక్కూ మొహం తెలీని పిల్లలతో కలిసి తిని పడుకుని వచ్చిన అమ్మాయి వేరేగా ఉంటుంది. అత్తమ్మగారిని రిపబ్లిక్ డే రోజు స్కూలుకి తీసుకెళ్లండి.

మేడం నమస్తే. మాది ఉప్పల్ దగ్గర కాలనీ యూత్ అసోసియేషన్. వినాయక చవితి చందాలో ఈసారి 42 వేలు మిగిలినయి. తిని తాగి ఖర్చు పెట్టుడు కాకుండా కాలనీ పిల్లలకి కెరీర్ ప్రోగ్రాం పెడదామనుకున్నం. కొందరు ఫంక్షన్ హాల్ తీసుకుని పెద్ద మోటివేషనల్ స్పీకర్‌ని పిలుద్దామంటున్నరు. మీరేమంటరు?
— అసోసియేషన్ సెక్రటరీ

తమ్ముడూ, మీ ఉత్తరం చదివి నాకు కడుపు నిండిపోయింది. మిగిలిన చందా పిల్లలకి అనుకోవడమే గొప్ప.

కానీ ఫంక్షన్ హాల్ వద్దు. 42 వేలు ఒక్క పూటలో అయిపోతాయి, హాలు, ఫ్లెక్సీలు, శాలువాలు, భోజనాలు, సాయంత్రానికి పిల్లలకి గుర్తుండేది బిర్యానీ. అవే డబ్బులతో ఏడాది నడుస్తుంది.

అసలు మీరు ఇప్పటికే ఒక ట్రైనింగ్ సెంటర్ నడుపుతున్నారు, గమనించలేదు. మండపం పెట్టాలంటే పోలీసులకి ఆన్‌లైన్ ఫారం, కరెంటుకి తాత్కాలిక కనెక్షన్, విగ్రహం బేరం, డెకరేషన్ వాళ్లకి అడ్వాన్సు, అన్నదానానికి ఎంతమందికి ఎన్ని కిలోల బియ్యం, నిమజ్జనానికి డీసీఎం వ్యాను, రూటు, వాలంటీర్లు. ఇవన్నీ ఒక కంపెనీలో చేస్తే జీతం ఇస్తారు. మీరు పెద్దవాళ్లు నలుగురు చేసేసి పిల్లల్ని డప్పుల దగ్గర డ్యాన్సుకి వదిలేస్తున్నారు. వచ్చే ఏడాది నుంచి ప్రతి పనికి పెద్దవాళ్లు ఒకరు, పక్కన 15, 16 ఏళ్ల పిల్లలు ఇద్దరు.

మా గల్లీలో రెండేళ్ల క్రితం చందా లెక్క ఒక పదో తరగతి అమ్మాయికి ఇచ్చాం. రసీదు బుక్కులు ఆరు, క్యాష్, ఫోన్‌పే వేరువేరు కాలమ్స్, తనే గీసుకుంది. నాలుగో రోజు రాత్రి 350 రూపాయలు తేలలేదు. వాళ్ల నాన్న నేను వేస్తాలే వదిలేయ్ అన్నాడు. ఆ పిల్ల ఒప్పుకోలేదు, కౌంటర్ ఫాయిల్స్ అన్నీ నేలమీద వరసగా పరిచి ఒక్కోటి టిక్ పెట్టుకుంటూ పోయింది, రాత్రి పదిన్నరకి దొరికింది, ఒక రసీదు 501 అని రాసి ఉంది, ఫోన్‌పేలో వచ్చింది 151. రాసినవాడు తొందరలో తప్పు రాశాడు. మర్నాడు మండపం దగ్గర బోర్డు మీద లెక్క అంటించినప్పుడు మా గల్లీ పెద్దలు నిలబడి చదివారు, ఒక్కరు కూడా నోరెత్తలేదు. ఆ అమ్మాయి ఇప్పుడు కామర్స్ చదువుతోంది, ఎవరూ చెప్పలేదు, తనే ఎంచుకుంది.

ఇక ప్రోగ్రాం ఎలా అంటే, 12 ఆదివారాలు అనుకోండి. ఒక్కో ఆదివారం ఒక్క మనిషి, మీ కాలనీలోనే దొరుకుతారు, లిఫ్ట్ టెక్నీషియన్, నర్సు, కేటరింగ్ ఆయన, జీఎస్టీ ఫైల్ చేసే అకౌంటెంటు, ఆర్టీసీ డ్రైవరు, సాఫ్ట్‌వేర్‌లో టెస్టింగ్ చేసే అమ్మాయి. వాళ్లు స్పీచ్ ఇవ్వకూడదు, పని చూపించాలి. పిల్లలు ముందురోజే ప్రశ్నలు రాసుకుని రావాలి, జీతం గురించి అడిగే హక్కు వాళ్లకి ఉండాలి. రోజు కూలీ మీద బతికే ప్లంబరు, మేస్త్రీ వస్తే శాలువా కప్పకండి, ఆ పూట కూలీ కవర్లో పెట్టి ఇవ్వండి. నెలకొకసారి బయటికి తీసుకెళ్లండి, ఉప్పల్, నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలు మీ పక్కనే కదా, ఓనర్‌ని అడిగితే ఒక గంట చూపించేవాళ్లు ఉంటారు. రాయదుర్గంలో టీ-వర్క్స్ ఉంది, కొత్త వస్తువుల నమూనాలు తయారుచేసుకునే ప్రభుత్వ వర్క్‌షాప్, 2023 మార్చిలో తెరిచారు, 3డీ ప్రింటర్లు, లేజర్ కటింగ్ అన్నీ ఉంటాయి, ముందు పర్మిషన్ అడిగి వెళ్లండి.

ఒక ఆదివారం మాత్రం పూర్తిగా కాగితాలకే పెట్టండి, ఇది నా పట్టుదల. పదో తరగతి మెమో మీద పేరు ఒకలా, ఆధార్ మీద ఇంకోలా ఉండి అడ్మిషన్ రోజు బిక్కమొహం వేసుకుని నిలబడ్డ పిల్లలు నా కౌంటర్ దగ్గర ఎంతమందో. ఇంటిపేరు ముందా వెనకా, ఒక అక్షరం ఎక్కువా తక్కువా, అంతే, సీటు కళ్లముందే పోయేది. ఆధార్, మెమో, బ్యాంక్ పాస్‌బుక్, కులం, ఆదాయం సర్టిఫికెట్లు అందరివీ తెప్పించి పక్కపక్కన పెట్టి చూడండి, తేడా ఉంటే అప్పుడే మీసేవకో ఆధార్ సెంటర్‌కో పంపండి. 15 దాటినవాళ్లని మై భారత్‌లో, అంటే కేంద్ర ప్రభుత్వం యువత కోసం పెట్టిన వెబ్‌సైట్‌లో రిజిస్టర్ చేయించండి, 2023 అక్టోబర్ 31న మొదలైంది, 15 నుంచి 29 ఏళ్ల వాళ్లకి, వాలంటీర్ పనులు అందులో కనపడతాయి.

పిల్లల భద్రత విషయంలో మొహమాటం వద్దు. ఏ పెద్దమనిషీ ఏ పిల్లతోనూ, పిల్లాడితోనూ ఒంటరిగా గదిలో ఉండకూడదు, ఎప్పుడూ ఇద్దరు పెద్దలు, అందులో ఒక ఆడమనిషి. చీకటి పడకముందే ముగించాలి. తల్లిదండ్రుల నంబర్లు బుక్కులో ఉండాలి. పిల్లల హెల్ప్‌లైన్ నంబరు 1098 అని హాల్లో గోడ మీద పెద్దగా రాయించండి. ఏదైనా తప్పు జరిగిందని తెలిస్తే మనలో మనం సర్దేసుకుందాం అనడానికి లేదు, పిల్లల మీద లైంగిక నేరాలకి 2012లో వచ్చిన పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి చెప్పి తీరాలి. ఇంకోటి, షాపు చూడ్డానికి తీసుకెళ్లిన పిల్లలతో ఓనరు పని చేయించుకుంటే అక్కడికి మళ్లీ పోకండి.

గది లేదని ఆగకండి. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం మొదలైంది రావిచెట్టు రంగారావు గారి ఇంట్లోనే, కొమర్రాజు లక్ష్మణరావు గారి లాంటి కొందరు కలిసి పెట్టారు, తర్వాతే సుల్తాన్‌బజార్‌లో సొంత బిల్డింగ్. నిజాం కాలంలో తెలుగు పుస్తకం దొరకడమే కష్టమైన ఊళ్లో ఒక ఇంటి గది చాలింది వాళ్లకి. మీకు మండపం షెడ్డు ఉంది, కుర్రాళ్లున్నారు, 42 వేలున్నాయి.

మొదటి ఆదివారం నన్ను పిలిస్తే నా టూల్ కిట్ పట్టుకుని వస్తా, నాకు కవరు అక్కర్లేదు, పెన్షన్ ఉంది.

అమ్మా, మాది శాలిబండ. మా అమ్మాయికి 16. మా దగ్గర సెంటర్ల ఆడపిల్లలకి కుట్టు, మెహందీ, బ్యూటీషియన్ మాత్రమే నేర్పిస్తరు. తనేమో ఫోన్ రిపేరింగ్ నేర్చుకుంట అంటుంది. మగవాళ్లుండే షాపుల్ల ఆడపిల్ల ఎట్ల కూర్చుంటది?
— ఒక తండ్రి

అన్నా, కుట్టు చిన్న పని కాదు, కానీ ఆ పిల్ల అడిగింది అది కాదు కదా. ఫోన్ రిపేర్‌కి బలం అక్కర్లేదు, ఓపిక కావాలి, చెయ్యి వణక్కూడదు. మైక్రోస్కోప్ కింద సోల్డరింగ్ చేయడానికి కుట్టుపనికి కావాల్సిన వేళ్లే కావాలి.

షాపులో కూర్చోవడం గురించి మీరు భయపడుతున్నారు, ఇటువైపు నుంచి కూడా చూడండి. మీ ఇంట్లో ఆడవాళ్లు ఫోన్ పాడైతే ఏం చేస్తారు? అందులో ఇంటి ఫొటోలున్నాయి, తెలియని షాపుకి ఎలా ఇవ్వాలి అని భయపడతారు, స్క్రీన్ పగిలినా అలాగే వాడుకుంటారు. మీ గల్లీలో ఒక అమ్మాయి రిపేర్ చేస్తుందని తెలిస్తే ఆ ఫోన్లన్నీ మీ ఇంటికే వస్తాయి. ఫోన్ షాపులన్నీ ఉండే జగదీష్ మార్కెట్‌లో కూర్చోవాల్సిన పని లేదు, స్పేర్ పార్ట్స్ తేవడానికి వెళ్తే చాలు, అదీ మీతో.

ప్రభుత్వానిది సెట్విన్ ఉంది, 1978 నుంచి జంట నగరాల్లో పిల్లలకి పనులు నేర్పిస్తోంది, పాతబస్తీలో సెంటర్లున్నాయి. ఇప్పుడు ఏ సెంటర్లో ఏ కోర్సు నడుస్తోందో, అమ్మాయిల బ్యాచ్ ఉందో లేదో వెళ్లి అడగండి, ఫోన్‌లో కాదు, మనిషిగా వెళ్లండి. ఇంటర్ మాత్రం ఆపొద్దు, రెండూ నడుస్తాయి. ఫీజు కట్టేముందు పాపని ఒక క్లాసులో కూర్చోబెట్టమని అడగండి. ఆ రాత్రి అన్నం తినేటప్పుడు ఏం చూశావు అని తనని అడిగి, తను చెప్పింది నాకు రాయండి.